రీమ్యాప్ వేయించాలా, వద్దా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంజన్ కంప్యూటర్‌లో (ఈసీయూ) కంపెనీ రాసిన సెట్టింగుల (స్టాక్ మ్యాప్) స్థానంలో కొత్త ఫైలు రాయడమే రీమ్యాప్, ట్యూన్ అన్నా అదే. ఈ ఇంజన్ ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఈ నెల విజయవాడ, గుంటూరు, తెనాలి నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. షాపుల పేర్లు, బండి నంబర్లు తీసేశాం.

ప్రశ్న: నాది ఫోక్స్‌వ్యాగన్ విర్టస్ 1.5, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్). స్టేజ్ 1 రీమ్యాప్ (పార్టులు మార్చకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే) వేస్తే 190 పీఎస్ పవర్, 320 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) వస్తుందని ఒక ట్యూనర్ అంటున్నాడు. గంటలో పని అయిపోతుందట. వేయించమంటారా?
— పటమట, విజయవాడ

జవాబు: ఇంజన్ సంగతి తర్వాత. ముందు గేర్‌బాక్స్ చూడండి. మీ బండిలో ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ. దాని రేటింగ్ 250 ఎన్ఎం. ఇంజన్ టార్క్‌ను కూడా కంపెనీ సరిగ్గా 250 దగ్గరే ఆపింది, ఊరికే ఆపలేదు. ఈ క్లచ్‌లు నూనెలో మునిగి ఉండవు కాబట్టి వేడి పోవడానికి చుట్టూ ఉన్న గాలే దిక్కు. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఫస్ట్, సెకండ్ గేర్ల మధ్య పాకుతున్నప్పుడు స్టాక్ టార్క్‌కే అవి బాగా వేడెక్కుతాయి. దాని మీద 320 ఎన్ఎం వేస్తే మొదట సెకండ్ గేర్‌లో వణుకు మొదలవుతుంది, తర్వాత ఎత్తు గేర్లలో తొక్కినప్పుడు ఆర్పీఎం పెరుగుతుంది కానీ వేగం పెరగదు. అంటే ప్లేట్లు జారుతున్నాయన్నమాట. గేర్‌బాక్స్ కంట్రోలర్‌కు కూడా ట్యూన్ వేస్తే సరిపోతుందని చెప్తారు. అది టార్క్ పరిమితిని, క్లచ్ మీద ఒత్తిడిని కొంత పెంచుతుంది. ప్లేట్ల సైజును మాత్రం ఏ ఫైలూ పెంచలేదు.

అలాగని చేయడానికేమీ లేదని కాదు. ఒక చిన్న లెక్క చూడండి. పీఎస్ అంటే ఎన్ఎంను ఆర్పీఎంతో గుణించి సుమారు 7,024తో భాగించగా వచ్చేది. కంపెనీ మ్యాప్‌లో 5,000 ఆర్పీఎం దగ్గర 150 పీఎస్ ఉందంటే అక్కడ టార్క్ 211 ఎన్ఎం మాత్రమే. 3,500 దాటాక 250 నుంచి మెల్లగా దించేశారు. శిఖరాన్ని ముట్టుకోకుండా, 5,000 దగ్గర 235 ఎన్ఎం నిలబెట్టే ఫైలు రాయిస్తే అక్కడే 167 పీఎస్ వస్తుంది. గేర్‌బాక్స్ తన 250 గీత దాటదు. హైవే మీద ఓవర్‌టేక్‌లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. 320 అని బోర్డు పెట్టే ట్యూనర్లు ఈ ఫైలు ఎందుకు అమ్మరంటే, చెప్పుకోవడానికి అంకె చిన్నది కాబట్టి.

కింది ఆర్పీఎం విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. 2,000 లోపు స్టాక్ కంటే ఒక్క ఎన్ఎం కూడా ఎక్కువ వద్దని చెప్పండి. చిన్న టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో తక్కువ వేగం, ఎక్కువ లోడు కలిసిన చోట స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఉంది, ఎల్ఎస్‌పీఐ అంటారు. సిలిండర్ గోడ మీది నూనె చుక్కలు, కార్బన్ పెచ్చులు దానికి నిప్పు. మామూలు నాకింగ్ (స్పార్క్ పడ్డాక మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలడం) అయితే ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగి, అంటే ఆలస్యం చేసి, కాపాడుతుంది. ఇది స్పార్క్ కంటే ముందే జరిగేది కాబట్టి టైమింగ్ లాగినా ఆగదు, పిస్టన్ రింగుల మధ్య అంచు విరుగుతుంది. ఎత్తు గేర్‌లో 1,500 దగ్గర పెడల్ పూర్తిగా తొక్కే అలవాటు ఉంటే ట్యూన్ లేకపోయినా మానుకోండి. నూనె మాన్యువల్‌లో చెప్పిన ఫోక్స్‌వ్యాగన్ (వీడబ్ల్యూ) అప్రూవల్ ఉన్నదే పోయండి. ఈ జబ్బును దృష్టిలో పెట్టుకొని అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు తెచ్చింది. డబ్బా మీద ఆ గుర్తు కూడా చూసుకోండి.

గంటలో పని అన్నది మాత్రం నిజమే. రాయడానికి అంతకంటే పట్టదు. లాగ్ (బండి నడుస్తున్నప్పుడు ఈసీయూ అంకెల రికార్డు) తీసి సరిచూడ్డానికి పట్టే పూట మాటేమిటని అడగండి. అది వాళ్ల లెక్కలో లేకపోతే ఇంకో చోటు వెతుక్కోండి.

ప్రశ్న: జనవరిలో 1.0 టీఎస్ఐ టర్బో పెట్రోల్ బండికి రీమ్యాప్ వేయించాను. అప్పుడు బ్రహ్మాండంగా ఉంది. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం పూట పికప్ చచ్చిపోతోంది, రాత్రికి మళ్లీ బాగుంటుంది. ఫైలు పాడైందా?
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఫైళ్లు ఎండకు పాడవవు. ఈసీయూ ఇంజన్‌ను కాపాడుకుంటోంది, అంతే. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు 9 శాతం పలచన. ఆ లోటు తీర్చడానికి టర్బో ఇంకా గట్టిగా తిరగాలి, తిరిగితే గాలి ఇంకా వేడెక్కుతుంది. ఇన్‌టేక్ గాలి ఒక హద్దు దాటగానే ఈసీయూ టైమింగ్ తగ్గిస్తుంది, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కూడా తగ్గిస్తుంది. స్టాక్ మ్యాప్‌లో ఈ సర్దుబాటుకు జాగా ఉంచుతారు. జనవరి చల్లదనంలో అంచుదాకా లాగి రాసిన ఫైలులో ఆ జాగా మిగలదు. రెంటచింతల ఎండ పక్కనే పెట్టుకొని యూరప్ వాతావరణానికి రాసిన ఫైలు వేస్తే ఇదే గతి.

మీ ఇంజన్‌లో ఇంకో ప్రత్యేకత ఉంది. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ బంపర్ వెనక గాలికి ఉండదు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోనే ఇమిడి, నీటితో చల్లబడుతుంది. ఆ నీటికి వేరే చిన్న సర్క్యూట్, ముందు వేరే రేడియేటర్, వేరే ఎలక్ట్రిక్ పంపు ఉంటాయి. కాబట్టి పెద్ద ఇంటర్‌కూలర్ వేద్దామని ఎవరైనా అంటే తేలిక పని కాదని తెలుసుకోండి. ముందు ఉన్నది సరిగా పనిచేస్తోందో లేదో చూడాలి. ఈ వరస పాటించండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఓబీడీ (బండిలోని డయాగ్నస్టిక్ సాకెట్) స్కానర్‌లో ఇన్‌టేక్ టెంపరేచర్, బయటి టెంపరేచర్ చూడండి. రెండూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. లేకపోతే సెన్సర్ అనుమానం. తర్వాత అరగంట నడిపి, గంటకు 80 దగ్గర స్థిరంగా పోతున్నప్పుడు చూడండి. బయటికంటే 15 నుంచి 20 డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. 35, 40 ఎక్కువ చూపిస్తుంటే చల్లబరిచే సర్క్యూట్‌లోనే లోపం. డయాగ్నస్టిక్ టూల్‌తో ఆ పంపును నడిపించి చేత్తో పట్టుకుంటే కదలిక తెలుస్తుంది. కూలెంట్ మార్చినప్పుడు గాలి సరిగా తీయకపోతే సర్క్యూట్‌లో గాలి బుడగ నిలిచి పంపు వట్టిగా తిరుగుతుంది, ఇది మామూలుగా జరిగే పొరపాటే. చివరగా బంపర్ విప్పించి ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య చూడండి. జిన్నింగ్ మిల్లుల దారిలో తిరిగే బండ్లకు అక్కడ దూది నూగు చాపలా పేరుకుంటుంది. బయట నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు ఫైలు మీదికి రండి. మధ్యాహ్నం రెండింటికి తీసిన లాగ్‌ను ట్యూనర్‌కు పంపి, వేడి గాలికి టైమింగ్ పట్టికను, బూస్ట్ పట్టికను మళ్లీ రాయమనండి. పైన 5, 7 పీఎస్ తగ్గుతుంది. దాని బదులు ఏడాదంతా ఒకేలా ఉంటుంది. డబ్బు మళ్లీ అడిగితే, మొదటి ఫైలు సగమే రాశారని ఒప్పుకున్నట్టే.

ప్రశ్న: ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక ట్యూన్ చేసిన బండ్లకు ప్రమాదం అంటున్నారు. అమెరికా నుంచి కొన్న ఫైలు మీద ‘93 ఆక్టేన్’ అని ఉంది. మన బంకులో 95 అంటున్నారు కదా, సరిపోదా?
— తెనాలి

జవాబు: సరిపోదు. ఇక్కడ చాలామంది బోర్లా పడుతున్నారు. ఆక్టేన్ అంటే పెట్రోల్ నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత. మనం, యూరప్ వాళ్లు చెప్పేది ఆర్ఓఎన్ అనే లెక్క. అమెరికా పంపు మీద రాసేది రెండు రకాల ఆక్టేన్ల సగటు. వాళ్ల 93 మన లెక్కలో సుమారు 98. వాళ్ల 91 మనకు 95, 96 దగ్గర. కాబట్టి మన మామూలు పెట్రోల్‌కు వాళ్ల 91 ఫైలు తీసుకోవాలి. 93 ఫైలు వేసి మామూలు పెట్రోల్ పోస్తే ఈసీయూ రోజంతా నాకింగ్‌తో కుస్తీ పడుతుంది. రోజూ 100 ఆక్టేన్ పోస్తానంటే సరే, కానీ మీ దారిలో ఎన్ని బంకుల్లో అది దొరుకుతుందో ముందు చూసుకోండి. ఊరు దాటాక దొరకని పెట్రోల్‌కు ఫైలు రాయించుకోవద్దు.

ఇక ఈ20 సంగతి. ఇథనాల్‌కు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది కూడా. ట్యూన్‌కు ఆ రెండూ లాభమే. చిక్కు పరిమాణంలో ఉంది. శుద్ధ పెట్రోల్ ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి, ఈ10కి 14.1, ఈ20కి 13.5 దగ్గర. అంటే అదే గాలికి ఈ10 కంటే 4 శాతం పైగా, శుద్ధ పెట్రోల్ కంటే దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. ఎగ్జాస్ట్‌లో గాలి, ఇంధనం పాళ్లు చూసేది లాంబ్డా సెన్సర్. కొత్త బండ్లలో ముందు ఉండేది వైడ్‌బ్యాండ్ రకం. ఫుల్ థ్రాటిల్‌లో కూడా చూసి సరిదిద్దుకుంటుంది. పాత బండ్లలో న్యారోబ్యాండ్ ఉంటే ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ సెన్సర్ మాట వినదు, పట్టికలో ఉన్నంతే పోస్తుంది. ఆ పట్టిక పాత పెట్రోల్‌కు రాసింది అయితే మిశ్రమం పలచబడి, సరిగ్గా ఎక్కువ వేడి పుట్టే చోటే ఇంకా వేడెక్కుతుంది. అలాంటి బండికి ఫ్యూయల్ పట్టికను ఈ20 మీదే మళ్లీ రాయించాలి.

కొత్త బండి అయినా లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పట్టిక కంటే ఈసీయూ ఎంత శాతం ఎక్కువ ఇంధనం పోస్తోందో చూపే అంకె) చూడండి. ప్లస్ 5 లోపు ఉంటే నిశ్చింత. ప్లస్ 10 దాటిందంటే గాలి లీకో, పంపు నీరసమో, ఇంజెక్టర్ మురికో వెతకాలి. ఫుల్ థ్రాటిల్‌లో రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు ఇంధనం అందించే గొట్టంలో ఒత్తిడి) కూడా చూడండి. అడిగినదానికంటే పది శాతం పడిపోతోందంటే హై ప్రెషర్ పంపు ఇక మోయలేదు. అక్కడ బూస్ట్ తగ్గించడం తప్ప దారి లేదు. నెలల తరబడి నిలిపే బండి అయితే ట్యాంకు నిండుగా ఉంచండి. మన తేమకు ఇథనాల్ నీళ్లు పీల్చుకుంటుంది.

ప్రశ్న: యాక్సిలరేటర్ పెడల్ దగ్గర పెట్టే చిన్న బాక్సుతో కూడా పవర్ పెరుగుతుందా?
— మంగళగిరి

జవాబు: పెరగదు. సగం తొక్కితే ముప్పావు తొక్కినట్టు ఈసీయూకు చెప్తుంది, అంతే. పూర్తిగా తొక్కినప్పుడు అది ఉన్నా లేనట్టే.

ప్రశ్న: బీఎండబ్ల్యూ ఎం340ఐకి ఫోన్‌లోనే ట్యూన్ వేసుకోవచ్చని చూశాను. కేబుల్ కొని నేనే వేసుకోవచ్చా?
— బెంజ్ సర్కిల్ ప్రాంతం, విజయవాడ

జవాబు: ఎంహెచ్‌డీ, బూట్‌మాడ్3 లాంటివి మంచి సాఫ్ట్‌వేర్లే. మీ బండిలోని బీ58 ఇంజన్ కూడా గట్టిది; దాని ఎనిమిది గేర్ల జెడ్ఎఫ్ గేర్‌బాక్స్ ట్యూన్‌ను బాగా మోస్తుంది. కానీ 2020 జూన్ తర్వాత తయారైన బండ్లలో ఇంజన్ కంప్యూటర్‌కు బీఎండబ్ల్యూ తాళం వేసింది. ఎం340ఐ మన దేశానికి వచ్చింది 2021లో. కాబట్టి మీ బండికి తాళం ఉందనే అనుకోండి. కంప్యూటర్‌ను విప్పి బెంచ్ మీద అన్‌లాక్ చేయడం పాత దారి. కొన్ని సాఫ్ట్‌వేర్ వెర్షన్లకు తర్వాత ఓబీడీ దారి కూడా వచ్చింది. ఏ దారి కుదురుతుందో మీ వెర్షన్ నంబర్ చూశాకే తేలుతుంది. యాప్, లైసెన్స్ డబ్బు కట్టేముందు ఆ నంబర్ పంపి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. అన్‌లాక్ ఖర్చు ట్యూన్ ధరలో కలిసి ఉండదు.

అన్‌లాక్ అయ్యాక సర్వీస్‌కు ఇచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేయవద్దని జాబ్ కార్డు మీద రాయించండి. వేస్తే మీ ఫైలు చెరిగిపోతుంది, మళ్లీ మొదటికి రావచ్చు.

ప్రశ్న: ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడుపుతున్నాను. ఆన్‌లైన్‌లో ఫ్లాషింగ్ టూల్ (ఈసీయూలోకి ఫైలు రాసేది) పదిహేను వేలకు దొరుకుతోంది, అసలుది లక్షల్లో ఉంది. తేడా ఏమిటి? ఫ్లాష్ చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు?
— ఆటోనగర్, విజయవాడ

జవాబు: తేడా మొదటి ఈసీయూ చచ్చిన రోజు తెలుస్తుంది. నకిలీ టూల్‌లో ప్రోటోకాల్స్ పాతవి, అప్‌డేట్ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం చెక్‌సమ్, అంటే ఫైలు సరిగా ఉందో లేదో ఈసీయూ సరిచూసుకునే సంఖ్య. ఫైలులో ఒక్క అంకె మార్చినా మొత్తం ఫైలుకు సరిపోయే చెక్‌సమ్ మళ్లీ లెక్కగట్టి రాయాలి. తప్పితే ఈసీయూ ఆ ఫైలును ఒప్పుకోదు, బండి స్టార్ట్ కాదు. కొత్త బాష్ ఎంజీ1 లాంటి ఈసీయూల్లో చెక్‌సమ్‌తో పాటు డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. నకిలీ టూల్ రాసేశానని చెప్తుంది కానీ దాన్ని దాటలేదు.

అసలు టూల్‌లోనూ రెండు రకాలు ఉంటాయి. మాస్టర్ టూల్‌తో చదివిన ఫైలును మీరే విన్‌ఓఎల్ఎస్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మార్చుకోవచ్చు. స్లేవ్ టూల్‌తో చదివింది తాళం వేసి వస్తుంది. దాన్ని మీ మాస్టర్‌కు పంపాలి, ఆయన మార్చి పంపింది రాయాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు స్లేవ్ చాలు, ఖర్చు తక్కువ. కాకపోతే కస్టమర్ అడిగినప్పుడు ఫైలు నేనే రాశానని చెప్పకండి. ఏ బండికి ఏది అన్నది కూడా చూసుకోండి. అమెరికా బండ్లకు, మస్టాంగ్ లాంటి వాటికి, హెచ్‌పీ ట్యూనర్స్ వాడకం ఎక్కువ. నిస్సాన్ జీటీ-ఆర్, టొయోటా 86 లాంటి జపాన్ బండ్లకు ఎక్యూటెక్. ఒక్క టూల్‌తో అన్ని బండ్లూ చేస్తామనేవాళ్లను నమ్మొద్దు.

ఇక పని. బండి రాగానే ఫాల్ట్ కోడ్స్ అన్నీ స్కాన్ చేసి ప్రింట్ తీసి కస్టమర్ సంతకం పెట్టించండి. మిస్‌ఫైర్ గానీ బూస్ట్ లీక్ గానీ ఉంటే ఆ రోజు ఫ్లాష్ చేయవద్దు. లోపం ఉన్న ఇంజన్‌కు ట్యూన్ వేస్తే లోపం పెద్దదవుతుంది, నెపం మీ మీదికొస్తుంది. ప్లగ్గులు విప్పి చూడండి, గ్యాప్ 0.8 దాటి అరిగి ఉంటే మార్చి, బూస్ట్ పెంచే ఫైలుకు 0.65, 0.7 మిల్లీమీటర్లకు తగ్గించండి. లేకపోతే ఎక్కువ ఒత్తిడిలో స్పార్క్ ఆరిపోయి 4,000 దగ్గర తడబడుతుంది.

తర్వాత కరెంటు. ఫ్లాష్ జరుగుతున్నంతసేపూ 12.5 వోల్టులకు తగ్గకూడదు, 13, 13.5 దగ్గర స్థిరంగా నిలిపే సప్లై కావాలి. షెడ్డులో ఉండే 5 ఆంపియర్ల ఛార్జర్ పనికిరాదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి రేడియేటర్ ఫ్యాన్ తిరిగిందంటే అదొక్కటే 20, 30 ఆంపియర్లు లాగుతుంది. కనీసం 50 ఆంపియర్ల సప్లై తీసుకోండి. మన వేసవి కరెంటు కోతలు తెలిసినవే కాబట్టి సప్లైను నమ్ముకొని నీరసం బ్యాటరీ ఉన్న బండికి ఫ్లాష్ పెట్టొద్దు. కరెంటు పోయినా మిగతా ఐదు నిమిషాలు బ్యాటరీయే మోయాలి. ఏసీ, లైట్లు, మ్యూజిక్ ఆపండి. తలుపులు తీసి మూస్తూ ఉండొద్దు. డ్యాష్‌క్యామ్, ట్రాకర్ లాంటివి ఓబీడీ సాకెట్‌లో ఉంటే పీకేయండి. ల్యాప్‌టాప్‌లో స్లీప్, విండోస్ అప్‌డేట్ ఆపేసి పెట్టండి. సగం ఫ్లాష్‌లో నిద్రపోయే ల్యాప్‌టాప్ చేసే నష్టం అంతా ఇంతా కాదు.

ముందు ఒరిజినల్ చదివి రెండు చోట్ల దాచండి. చాలా కొత్త ఈసీయూల్లో ఓబీడీ ద్వారా నిజంగా చదవడం కుదరదు. టూల్ ఐడీ నంబర్ మాత్రం చదివి, దానికి సరిపోయే స్టాక్ ఫైలును సర్వర్ నుంచి తెస్తుంది. అంటే బండిలో ఇంతకుముందే ఎవరైనా ట్యూన్ వేసి ఉంటే మీకు కనపడదు. అనుమానం ఉంటే బెంచ్ మీద చదవాల్సిందే.

మధ్యలో ఆగిపోతే కంగారుపడి ఇగ్నిషన్ ఆపొద్దు, బ్యాటరీ తీయొద్దు. చాలా టూల్స్‌లో రికవరీ ఉంటుంది. అదే ఫైలుతో మళ్లీ మొదలుపెడుతుంది. దానికీ లొంగకపోతే ఈసీయూ విప్పి బెంచ్ మోడ్‌లో, చివరికి బూట్ మోడ్‌లో రాయాలి. బూట్ మోడ్ అంటే పెట్టె తెరిచి బోర్డు మీద పిన్నులు ముట్టుకోవడం. మొదటిసారి అది కస్టమర్ బండి మీద నేర్చుకోకండి. పాత ఈసీయూలు రెండు మూడు కొని వాటి మీద చేతులు తిప్పుకోండి.

ప్రశ్న: ట్యూన్ తర్వాత డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) షీట్ ఇచ్చారు, 172 అని ఉంది. నమ్మొచ్చా?
— లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఆ 172 చక్రాల దగ్గరా, ఇంజన్ దగ్గరా? బీహెచ్‌పీయా, పీఎస్సా? షీట్ కింద ‘ఎస్‌టీడీ’ అని ఉందా, ‘ఎస్ఏఈ’ అనా? అవి ఆ రోజు వాతావరణాన్ని బట్టి అంకెను సవరించే రెండు పద్ధతులు. ఒకే రన్‌ను ఎస్‌టీడీలో చూపిస్తే ఎస్ఏఈ కంటే దాదాపు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. అదీగాక ఎస్ఏఈ సవరణ గదిలోని వేడికి అంకె పెంచుతుంది: 45 డిగ్రీల గదిలో ఒక్క వేడి లెక్కనే మరో 4 శాతం దాకా కలుస్తుంది. టర్బో లేని ఇంజన్‌కు అది న్యాయమే. టర్బో బండిలో ఈసీయూ అప్పటికే బూస్ట్ పెంచి లోటు కొంత పూడ్చుకుంటుంది కాబట్టి సవరణ రెండోసారి కలిపినట్టవుతుంది. సవరణ లేని అంకె అడగండి. ట్యూన్‌కు ముందు, తర్వాత, అదే డైనో మీద, అదే గేర్‌లో, అదే రోజు తీసిన రెండు గీతలు పక్కపక్కన లేకపోతే ఆ షీట్ గోడకు తగిలించుకోవడానికే.

డైనో కంటే లాగ్ ఎక్కువ మాట్లాడుతుంది. మూడో గేర్‌లో 2,000 నుంచి 6,000 దాకా ఒక్క పుల్. ఇది డైనో మీదే చేయించండి, జాతీయ రహదారి మీద కాదు. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, ఒక్కో సిలిండర్‌కు ఈసీయూ వెనక్కి లాగిన టైమింగ్, లాంబ్డా, ఇన్‌టేక్ టెంపరేచర్, రైల్ ప్రెషర్, థ్రాటిల్ తెరపు, వేస్ట్‌గేట్ డ్యూటీ (బూస్ట్‌ను అదుపు చేసే వాల్వుకు ఈసీయూ ఇచ్చే ఆజ్ఞ శాతం), ఇవి కావాలి. ఒక సిలిండర్‌లో అప్పుడప్పుడు రెండు మూడు డిగ్రీలు లాగితే మామూలే. అన్ని సిలిండర్లలో ఐదారు డిగ్రీలు, పుల్ పొడుగునా లాగుతుంటే ఫైలు ఈ పెట్రోల్‌కు ఎక్కువైంది. వేస్ట్‌గేట్ డ్యూటీ పైకి పోయి అక్కడే అతుక్కుంటే టర్బో ఇక ఇవ్వలేనిది అడుగుతున్నారు. పెడల్ పూర్తిగా తొక్కినా థ్రాటిల్ సగానికి మూసుకుంటుంటే అది ఇంకో రోగం. ఈ ఈసీయూలు ముందు ఎంత టార్క్ కావాలో లెక్కేసుకుని, దానికి ఎంత గాలి కావాలో తర్వాత చూస్తాయి. బూస్ట్ పట్టిక పెంచి టార్క్ పరిమితి పట్టికలు మరిచిపోతే, ఎక్కువొచ్చిన గాలిని ఈసీయూయే థ్రాటిల్ మూసి ఆపేస్తుంది. అది చేతకాని ఫైలు గుర్తు.

ప్రశ్న: వదిలేసినప్పుడు సైలెన్సర్‌లో పటపట పేలే మ్యాప్ వేయించాలని ఉంది. ఇంజన్‌కు ఏమైనా అవుతుందా?
— గవర్నర్‌పేట

జవాబు: అవుతుంది. పెడల్ వదిలాక కూడా పెట్రోల్ పోసి, స్పార్క్ బాగా ఆలస్యంగా ఇచ్చి, ఆ మంట ఎగ్జాస్ట్‌లో మండేలా చేస్తారు. ఎగ్జాస్ట్ వాల్వ్, టర్బో టర్బైన్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్), మూడూ ఆ మంటలో ఉంటాయి. క్యాట్ లోపలి తేనెపట్టు కరిగి, ముక్కలై దారి మూసుకుపోతే కొత్త క్యాట్ బిల్లు ట్యూన్ ధరకు చాలా రెట్లు. మేం వేయించమని చెప్పం.

ప్రశ్న: రీమ్యాప్ చట్టానికి విరుద్ధమా? పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, వారంటీ సంగతేమిటి?
— ముగ్గురు పాఠకులు

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. సాఫ్ట్‌వేర్ పైకి కనపడదు కాబట్టి రోడ్డు మీద ఆపి పట్టుకోవడం అరుదు. క్యాట్ తీసేసిన డౌన్‌పైప్ (టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ పైపు), రొద చేసే సైలెన్సర్ మాత్రం వెంటనే దొరికిపోతాయి.

పొల్యూషన్ పరీక్షలో ఐడిల్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, 2,500 ఆర్పీఎం దగ్గర లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య చూస్తారు. క్యాట్ ఉంచి, ఐడిల్, క్రూజ్ పట్టికలు ముట్టుకోని స్టేజ్ 1 ఫైలు ఇందులో నెగ్గుతుంది. క్యాట్ లేని స్టేజ్ 2 నెగ్గడం కష్టం.

ఇన్సూరెన్స్‌కు చెప్పి రాయించుకోండి. దాచి, ప్రమాదం తర్వాత బయటపడితే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు కారణం మీరే ఇచ్చినట్టు. వారంటీ ఉన్నంతకాలం చేయించకపోవడమే మంచిది. స్టాక్ ఫైలు తిరిగి వేసేస్తే తెలియదనుకోవద్దు. ఎన్నిసార్లు రాశారో ఈసీయూ లోపల లెక్క ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా డీలర్ టూల్ ఫైలు తేడాను పసిగడితే బండి రికార్డు మీద టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఆ తర్వాత ఏ ఊరి డీలర్ దగ్గరికెళ్లినా ఇంజన్, గేర్‌బాక్స్ వారంటీ అడగలేరు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఆక్టేవియా వీఆర్ఎస్ 245 చూశాను. ట్యూన్ లేదని ఓనర్ అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?
— గన్నవరం

జవాబు: 2020లో మన దేశానికి 200 బండ్లే వచ్చాయి. అందులో ముట్టుకోనిది దొరకడం అదృష్టమే. స్టాక్ అంటే 245 పీఎస్, 370 ఎన్ఎం. దీనిది నూనెలో మునిగే క్లచ్‌ల ఏడు గేర్ల డీఎస్‌జీ, కాబట్టి ట్యూన్ ఉన్నంత మాత్రాన వదిలేయాల్సిన బండి కాదు. తెలియకుండా కొనడమే తప్పు.

ఓబీడీ స్కానర్‌లో మోడ్ 09 తెరిచి కాలిబ్రేషన్ ఐడీ (ఫైలు పేరు), సీవీఎన్ అనే నంబర్ (ఫైలులోని అంకెల నుంచి లెక్కగట్టింది) రాసుకోండి. అదే ఐడీ ఉన్న స్టాక్ బండి సీవీఎన్‌తో పోల్చండి; తేడా ఉంటే ఫైలు మారింది. ఒకేలా ఉన్నా పూర్తిగా నమ్మొద్దు, కొందరు ట్యూనర్లు ఆ జవాబును కూడా మోసపుచ్చుతారు. డీలర్ దగ్గర సాఫ్ట్‌వేర్ సరిపోల్చే పరీక్ష, టీడీ1 ఉందా లేదా చూడమనండి. తర్వాత లిఫ్ట్ ఎక్కించండి. డౌన్‌పైప్ అతుకులు, క్లాంపులు కంపెనీవేనా, లాంబ్డా సెన్సర్ల మధ్య ఏదైనా స్పేసర్ బిగించి ఉందా, ఇన్‌టేక్ క్లిప్పులు తీసి పెట్టిన గీతలు ఉన్నాయా చూడండి. ప్లగ్గుల మీద రాసిన నంబర్ చదవండి. స్టాక్ కంటే ఒక మెట్టు చల్లని ప్లగ్గులు పెట్టి ఉంటే ట్యూన్ వేసుకున్న బండే, ఫైలు అమ్మకం ముందు తీసేసి ఉంటారు.

నడిపేటప్పుడు బూస్ట్ లాగ్ తీస్తే సందేహం దాదాపు తీరిపోతుంది. ట్యూన్ తేలితే బేరం ఆపనక్కర్లేదు. ఫైలు ఎవరు రాశారో అడగండి, ఒరిజినల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇప్పించుకోండి, డీఎస్‌జీ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చారో బిల్లు చూపించమనండి. ఆ బిల్లు లేకపోతే ధరలో గేర్‌బాక్స్ సర్వీస్ ఖర్చు తీసేసి మాట్లాడండి.